విస్తరి ముందు ఇచ్చిన ఓటు

మా ఊరి మీదుగా పోయే మురుగు కాలువ పొడవు 17.4 కిలోమీటర్లు. అమలాపురానికి దిగువన వరిచేల మధ్య మొదలై, కాట్రేనికోన వైపు ఇసుక దిబ్బలను దాటి సముద్రంలో పడుతుంది. అంత పొడవునా దాని అడుగు దిగేది 1.3 మీటర్లు మాత్రమే. మా పొలం సముద్రపు సగటు మట్టానికి 0.84 మీటరు ఎత్తున ఉంది. అమావాస్యకూ పౌర్ణమికీ వచ్చే పెద్ద పోటు 0.92 మీటరు దాకా లేస్తుంది. అంటే నెలకు రెండు విడతలుగా, ఒక్కో విడతలో మూడు నాలుగు రోజుల పాటు, రోజుకు రెండుసార్లు సముద్రం మా చేల కన్నా ఎనిమిది సెంటీమీటర్లు ఎత్తున నిలబడుతుంది. ఈ కొలతలు నేను పనిచేసే పాలిటెక్నిక్ నుంచి అనుమతితో తెచ్చుకున్న లెవెల్ పరికరంతో, మూడు వేసవి సెలవుల్లో స్వయంగా తీసినవి. ఎనిమిది సెంటీమీటర్లంటే నా అరచేతి వెడల్పు. మా రెండు కుటుంబాల బతుకు ఆ వెడల్పులో ఉండేది.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసినది కాదు. కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక కాంక్రీటు అడ్డకట్ట, అందులో పైనుంచి మడతబందుల మీద వేలాడే ఇనుప తలుపులు ఉంటే చాలు. పోటు నీరు బయటినుంచి నెట్టినప్పుడు తలుపు తనంతట తానే మూసుకుంటుంది. నీరు వెనక్కి తీసినప్పుడు లోపలి మురుగు నెట్టి తెరుచుకుంటుంది. దానికి కరెంటు అక్కరలేదు, కాపలా మనిషి అక్కరలేదు. ఇంజనీర్లు దాన్ని స్లూయిస్ అంటారు. మా వైపు అందరూ తలుపులనే అనేవారు. తలుపులు పెట్టిస్తామన్న మాట మీద కాలువ పక్క పదకొండు ఊళ్ళు తొంభైల దశకమంతా ఒకసారి ఈ పార్టీకీ, ఒకసారి ఆ పార్టీకీ ఓట్లు వేశాయి. ప్రతి వర్షాకాలం మొగ ఇసుకతో పూడుకుపోయేది. పదకొండు ఊళ్ళ మగవాళ్ళు పారలు పట్టుకుని వెళ్ళి తవ్వి తెరిచేవారు. తెరిచిన దారినే పోటుకు ఉప్పునీరు లోపలికి వచ్చేది. తెరవకపోతే చేను వాననీటికి కుళ్ళుతుంది, తెరిస్తే ఉప్పుకు మాడుతుంది. మేము ఎంచుకునేది ఈ రెంటిలో ఏది ముందనేది మాత్రమే.

రెండువేల దశకంలో ఒక శాసనసభ ఎన్నికకు ముందు ఆ పదకొండు ఊళ్ళూ విసిగిపోయి మా మావయ్య గారిని స్వతంత్ర అభ్యర్థిగా నిలబెట్టాయి. ఆయన మా అమ్మకు తమ్ముడు. నీటి సంఘానికి అధ్యక్షుడిగా చేసినవారు, ఎవరింటికి వెళ్ళినా చెప్పులు వీధి గుమ్మంలోనే విడిచే మనిషి. మా పొలానికీ ఆయన పొలానికీ ఒకే గట్టు. ఆయనను ఒప్పించినది ప్రధానంగా ఊరికి ఎడంగా ఉన్న దళితుల పేటలో ఉండే మాస్టారు గారు. క్రైస్తవుల బడిలో ప్రధానోపాధ్యాయుడిగా రిటైరైన ఆయన మాట పేటలో చెల్లుతుంది. పేటవాళ్ళు కౌలుకు చేసే చేలు కాలువ పక్కన అన్నిటికన్నా పల్లంలో ఉంటాయి. నీళ్ళు ముందు వాళ్ళవి ముంచి, తర్వాతే మావి ముంచుతాయి.

"పార్టీ మనిషైతే పార్టీ మాట వింటాడండీ. మీరైతే మా మాట వింటారు," అన్నారు మాస్టారు ఆ రోజు మా వాకిట్లో.

"విని ఏం చెయ్యనండీ? ఒక్కణ్ణి," అన్నారు మావయ్య.

"ఒక్కరే అవసరమయ్యే రోజొకటి వస్తుందండీ. ఆ రోజు అడగొచ్చు."

రెండు పార్టీల వాళ్ళూ మిగతా ఓట్లను సగం సగం పంచుకోవడంతో మధ్యలోంచి మావయ్య గెలిచారు. ఊరేగింపులో టపాకాయలు కాల్చినవాళ్ళెవరూ శాసనసభలో స్వతంత్ర సభ్యుడు అంటే ఏమిటో ఆలోచించలేదు. నేను ఆలోచించాను. వృత్తి రీత్యా నాకు ఏ యంత్రమైనా ఎలా పనిచేస్తుందో విప్పి చూడాలనిపిస్తుంది. సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళి, సందర్శకుల గ్యాలరీలో కూర్చుని ఆ యంత్రాన్ని చూశాను.

సభలో మాట్లాడే సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. ఏ చర్చకు ఎన్ని గంటలో నిర్ణయించే సమావేశానికి పార్టీల నాయకులు వెళతారు. స్వతంత్రులకు నాయకుడు లేడు కనుక అక్కడ వారి తరఫున ఎవరూ ఉండరు. అందరూ మాట్లాడాక మిగిలితే రెండు నిమిషాలు, మిగలకపోతే అదీ లేదు. కుర్చీ చివరి వరుసలో, తలుపు పక్కన. ఆ సభలో అలాంటివారు ఏడుగురు ఉండేవారు. ఏడుగురూ కలిసి ఒక జట్టు కాదు. టికెట్టు రాక అలిగి నిలబడి గెలిచినవారు నలుగురు, సొంత డబ్బుతో గెలిచినవారు ఇద్దరు, ఒక మురుగు కాలువ కోసం గెలిచినవారు ఒక్కరు. గెలిచిన తర్వాత ఏదైనా పార్టీలో చేరితే సభ్యత్వమే పోతుందని చట్టం చెబుతోంది. చేరకపోతే నియోజకవర్గంలో కల్వర్టు కూడా కదలదని అనుభవం చెబుతోంది. ఎందుకంటే ఓడిపోయిన అధికార పార్టీ అభ్యర్థిని ఇన్‌ఛార్జి అంటారు. ఫైలు ఆయన ఊఁ అంటేనే నడుస్తుంది. గెలిచిన మనిషి ఆఫీసులో కుర్చీలో కూర్చుంటే, ఓడిన మనిషి ఫోనులో ఆదేశిస్తాడు.

మావయ్యకు మొదటిసారి రెండు నిమిషాలు దొరికినప్పుడు గంట మోగే సమయానికి ఆయన ఇంకా కాలువ దగ్గరికి చేరలేదు. అధ్యక్షుల వారికి నమస్కారం, ముఖ్యమంత్రి గారికి, మంత్రివర్యులకు, ప్రతిపక్ష నాయకుల వారికి, తోటి సభ్యులకు పేరుపేరునా నమస్కారం. "తమరు దయచేసి ఈ అవకాశం ఇచ్చినందుకు ముందుగా..." అంటుండగా మైకు ఆగిపోయింది.

బయటికి వచ్చాక అన్నాను, "మావయ్య గారూ, నమస్కారాలకే మీకు నిమిషమున్నర పోయిందండీ."

"మరి పెద్దోళ్ళు కూచున్న చోట నోరు తెరవగానే తలుపులు పెట్టండి అంటామేంటే? ఎవరింటికెళ్ళినా ముందు కుశలమడుగుతాం కదా."

"అది ఇల్లు కాదండీ."

"మనిషి ఉన్నచోటల్లా ఇల్లేనమ్మా," అన్నారాయన. అప్పుడు నేను నవ్వాను. ఆ వాక్యం ఎంత ఖరీదైనదో ఇంకా తెలియదు.

మాస్టారు చెప్పిన రోజు మూడో ఏడాది వచ్చింది. రాజ్యసభ స్థానాలకు ఎన్నిక. ఆ సభకు సభ్యులను ఎన్నుకునేది శాసనసభ్యులే. తమ బలానికి తగ్గట్టు ఇద్దరు గెలవవలసిన చోట అధికార పార్టీ మూడో అభ్యర్థిని కూడా నిలబెట్టింది. ఆ మూడో మనిషి గెలవాలంటే స్వతంత్రులు ఏడుగురూ వేయాలి. మూడేళ్ళుగా తలుపు పక్క కుర్చీలో కూర్చున్న మావయ్యకు ఒక వారంలో పదహారు ఫోన్లు వచ్చాయి.

ఆ ఎన్నికలో ఒక నియమం ఉంది. పార్టీ సభ్యుడు తన ఓటు ఎవరికి వేశాడో పెట్టెలో వేసే ముందు తన పార్టీ ఏజెంటుకు చూపించాలి. చూపించకపోతే ఓటు చెల్లదు. స్వతంత్రుడికి పార్టీ లేదు, ఏజెంటు లేడు. అతను ఎవరికీ చూపించకూడదు. చూపిస్తే ఓటు చెల్లదు. ఈ నియమం చదివి మావయ్య పొంగిపోయారు. "చూసేరా! అంత సభలోనూ రహస్యంగా ఓటేసే హక్కు ఏడుగురికే ఉంది," అని మాస్టారికి ఫోను చేసి మరీ చెప్పారు. నాకూ అది గౌరవంగానే తోచింది.

మేము ముగ్గురం, అంటే మావయ్య, మాస్టారు, నేను, కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాం. డబ్బు మాట ఎవరైనా ఎత్తితే మావయ్య లేచి వచ్చేయాలి. అడగవలసింది స్లూయిస్ ఒక్కటే. అదీ నోటి మాటగా కాదు. పరిపాలనా అనుమతి, ఆ ఏడాది బడ్జెట్లో కేటాయింపు, రెండూ ఉన్న ప్రభుత్వ ఉత్తర్వు ముందు చేతికి రావాలి, ఓటు తర్వాత. మట్టాలు, నక్షా, అంచనా, కోరిక, అన్నీ నేను రెండు పేజీల్లో రాసి సిద్ధం చేశాను. వచ్చే మనిషి ఎవరైనా ముందు ఆ కాగితం చేతికిచ్చి, తర్వాతే మాట్లాడాలని మావయ్య చేత మూడుసార్లు అనిపించాను.

"ఆయ్, అలాగేనమ్మా. కాయితం ముందు, మాట తర్వాత," అన్నారు మూడుసార్లూ.

వచ్చిన మనిషి అధికార పార్టీలో ఇలాంటి పనులు చక్కబెట్టే పెద్దమనిషి. గౌతమికి అవతల, రామచంద్రపురం వైపు ఆయన. పొద్దున్న పదిన్నరకు ఫోను చేసి, "ఓసారి చూసి పోదామనండీ," అన్నారు. ఏ వేళకు వస్తారో చెప్పలేదు. పన్నెండు ముప్పావుకు కారు మావయ్య ఇంటి ముందు ఆగింది. మా వైపు ఆ వేళకు గుమ్మంలోకి వచ్చిన మనిషికి విస్తరి వేయకుండా మాట్లాడేవాళ్ళు ఉండరు. ఆయనా గోదావరి మనిషే కనుక ఆ సంగతి మా కన్నా తక్కువ తెలిసినవారు కాదు.

"ఏం బావగారూ, మమ్మల్ని బొత్తిగా మర్చిపోయేరు," అన్నారు మెట్లెక్కుతూనే.

"చుట్టరికం ఎప్పట్నించండీ?" అన్నారు మావయ్య నవ్వుతూ.

"ఇప్పట్నించేనండీ. గోదారి అవతలోళ్ళు ఇవతలోళ్ళకి బావగార్లు కాక ఇంకేం అవుతారండీ?"

"మీకేమండీ, ఓట్లు ఎక్కువున్నోళ్ళు. ఏమన్నా అవుతారు."

నేను కాగితం పట్టుకుని గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. మావయ్య నన్ను చూశారు. కాగితాన్నీ చూశారు. "కాళ్ళు కడుక్కోండి, వడ్డించేస్తారు. మాటలు తర్వాత," అన్నారు.

"నేనూ అదే అందామనుకుంటున్నానండీ. పొద్దున్నించి ఏం తిన్లేదు. మీ ఇంటి భోజనం మీదే ఆశ పెట్టుకుని వచ్చేను."

అత్తయ్య గారు నన్ను వంటింట్లోకి పిలిచారు. కాగితం బియ్యం డబ్బా మీద పెట్టి, నెయ్యి గిన్నె అందుకున్నాను. మామిడికాయ పప్పు, చింతచిగురు వేసిన ఎండురొయ్యలు, కోడి పులుసు, పెరుగు. ఆయన నిజంగానే ఆకలిగా ఉన్న మనిషిలా తిన్నారు. ప్రతి కూరకూ ఒక పొగడ్త, ప్రతి పొగడ్తకూ అత్తయ్య మొహంలో వెలుగు. కోడి పులుసు దగ్గరికి వచ్చాక ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్ళి ఆగారు. దాన్ని మళ్ళీ విస్తట్లో పెట్టేశారు.

"ఏవండీ, ఉప్పెక్కువైందా?" అత్తయ్య గాభరా పడ్డారు.

"భేషుగ్గా ఉందమ్మా. నాకే ముద్ద దిగట్లేదు. బావగారు ఓ మాట అంటేగానీ దిగేలా లేదు."

"ముందు తినండి మీరు. అదేంటది?" అన్నారు మావయ్య.

"మా మూడో క్యాండేటుకి మీ ఓటు. ఊఁ అనండి, తింటాను. అననంటారా, చెయ్యి కడిగేసుకుని ఎల్లిపోతాను. ఏం అనుకోను."

"అయ్యో, అయ్యో," అంటూ అత్తయ్య మావయ్య వైపు తిరిగారు. "అలా చూస్తారేంటండీ, చెప్పండి!"

బయటి ఊళ్ళవాళ్ళకు దీని బరువు తెలియదు. మా వైపు ఇంటికి వచ్చిన మనిషి కలిపిన ముద్ద వదిలి లేస్తే, ఎందుకు లేచాడని ఎవరూ అడగరు. ఎవరి ఇంట్లో లేచాడన్నదే మిగులుతుంది. ఫలానా వారింట్లో ఫలానా ఆయన విస్తట్లోంచి లేచిపోయారట అన్న మాట, ఆ ఇంటి పిల్లల పెళ్ళిసంబంధాల దాకా వెళుతుంది. దాన్ని ఆయుధంగా వాడవచ్చునని మా ఊళ్ళో ఎవరికీ తోచి ఉండదు. ఆయనకు తోచింది.

మావయ్య రెండు చేతులూ ముందుకు చాపారు. "చేతిలో ముద్ద పెట్టుకుని అవేం మాటలండీ. మీరు అడగడమూ, నేను కాదనడమూనా! ఆయ్, అలాగేనండీ. తినండి, తినండి."

ఆయన తిన్నారు. మూడేళ్ళు తలుపు పక్కన కూర్చుని సంపాదించుకున్న బేరం అంత సేపట్లో ముగిసింది.

నేను పెరుగు గిన్నెతో వెళ్ళాను. "తలుపుల సంగతి కూడా ఇప్పుడే అనుకుంటే బాగుంటుందండీ," అన్నాను.

"అమ్మాయ్, పెరుగు వడ్డించు," అన్నారు మావయ్య.

"ఉండండి బావగారూ, అడగనీండి. ఏ తలుపులమ్మా?... ఆఁ, డ్రెయినుదా! అది మన పని కాదేంటమ్మా? నువ్వు చెప్పాలా నాకు? ఎన్నికవ్వనీ, ఆర్డరు నేనే పట్టుకొస్తాను. మళ్ళీ ఇదే విస్తరి, ఇదే చింతచిగురు."

"చింతచిగురు మళ్ళీ ఏడాదికి గానీ రాదండీ."

ఆయన పెద్దగా నవ్వారు. "అమ్మాయి గారు లెక్చరరు కదండీ, లెక్క తప్పదు!"

"కాగితం ఒకటి రాసి ఉంచానండీ," అన్నాను.

"కాయితాలూ అవీ మన మధ్యనేంటమ్మా," అన్నారాయన చేయి కడుక్కుంటూ. కారు ఎక్కే ముందు నేను కాగితం చేతికే ఇచ్చాను. చదవకుండా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. అదే జేబులోంచి వక్కపొడి పొట్లం తీసుకున్నారు.

కారు వీధి మలుపు తిరిగాక మావయ్యతో నాకు జీవితంలో ఒకే ఒక్కసారి మాటా మాటా పెరిగింది.

"కాగితం ముందు, మాట తర్వాత అన్నారు కదండీ!"

"విస్తరి ముందు కూచున్నోడితో బేరమాడమంటావా? మనింట్లో? మీ అమ్మమ్మ ఉంటే ఏమనేదో తెలుసా?"

"ఆయన మనింటికి రాలేదు మావయ్య గారూ. ఓటుకొచ్చేరు."

"గుమ్మం దాటేక ఎందుకొచ్చేడని అడగం. తింటున్న మనిషిని అడగం. తిన్న మనిషి మాట తప్పడు."

"తప్పితే?"

"తప్పడన్నాను కదే!" అని, మెల్లగా అన్నారు, "తప్పితే అది వాడికి సిగ్గు."

అది ఎవరికి సిగ్గో నాకు అక్కరలేదు. నా లెక్కలో సిగ్గుకు కొలమానం లేదు. పదకొండు ఊళ్ళ నీరు ఎక్కడ నిలుస్తుందన్నదే నా లెక్క. ఆ వారంలో ఆ పెద్దమనిషి ఏడుగురు స్వతంత్రుల్లో నలుగురి ఇళ్ళలో మధ్యాహ్న భోజనం చేశారని తర్వాత తెలిసింది.

మావయ్య మాట ప్రకారమే ఓటు వేశారు. ఈ వాక్యానికి నా దగ్గర రుజువు లేదు. ఆయన చెప్పారు, నేను నమ్మాను. మిగిలిన కథంతా ఈ రుజువు లేకపోవడం గురించే.

మూడో అభ్యర్థి ఓడిపోయాడు. నాలుగు ఓట్లు తక్కువ పడ్డాయి. అధికార పార్టీ సభ్యులు ప్రతి ఒక్కరూ ఓటు ఏజెంటుకు చూపించే వేశారు, అక్కడ లోటు లేదు. అంటే ఏడుగురు స్వతంత్రుల్లో నలుగురు వేయలేదు. ఏడుగురూ వేశామనే చెప్పారు. ఏడుగురి మాటల్లో నాలుగు అబద్ధాలు ఉన్నాయి, ఏ నాలుగో తేల్చే మార్గం చట్టమే మూసేసింది.

నెల తర్వాత మావయ్య ఉత్తర్వు గురించి ఆ పెద్దమనిషిని కలవడానికి హైదరాబాదు వెళ్ళారు. ఈసారి నేను వెంట వెళ్ళాను. ఆయన లేచి నిలబడి ఎదురొచ్చారు. కుర్చీ వేయించారు, కాఫీ తెప్పించారు. అత్తయ్య గారి ఆరోగ్యం అడిగారు. కోడి పులుసును మళ్ళీ పొగిడారు. మర్యాదలో ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

"తలుపుల ఆర్డరు సంగతండీ," అన్నారు మావయ్య.

"ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉందండీ బావగారూ. మిమ్మల్నని కాదు. పైన మనసులు బాగోలేదు. నాలుగు తగ్గేయి కదా."

"నేను వేసేనండీ."

"వేసేరనే అనుకుందామండీ."

"అనుకోడమేంటండీ? వేసేను!"

"కాదన్లేదు కదండీ. చూపించడానికి లేదు, మేం చూడ్డానికి లేదు. మావోళ్ళయితే చూపించి వేసేరు. మీరు ఇండిపెండెంటు. ఇండిపెండెంటుగానే వేసి ఉంటారు." కాఫీ కప్పు మావయ్య వైపు జరిపారు. "చల్లారిపోద్ది, తాగండి."

మావయ్య కాఫీ తాగారు. ఎదుటి మనిషి ఇచ్చినది వద్దనడం ఆయనకు ఆ నిమిషంలో కూడా చేతకాలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని నేను ఆ నియమాన్ని మనసులో మళ్ళీ విప్పి చూశాను. స్వతంత్రుడి ఓటును ఎవరూ చూడకూడదనడం అతన్ని ఒత్తిడి నుంచి కాపాడడానికి. ఆ మేరకు అది సరైన నిర్మాణమే. కానీ ఆ సభలో మనుషులు ఒకరికొకరు బాకీ పడి బతుకుతారు, బాకీకి రుజువు కావాలి. రుజువు చూపలేని మనిషిని ఎవరూ ఒత్తిడి చేయలేరు, ఎవరూ నమ్మనూ నమ్మరు. పార్టీ సభ్యుడు తన ఓటును పార్టీకి చూపించి, దానికి బదులు తన ఊరికి రోడ్డు అడుగుతాడు. స్వతంత్రుడు గొప్ప హక్కుతో రహస్యంగా ఓటేసి, ఒట్టి చేతులతో ఇంటికి వస్తాడు. పౌరశాస్త్రం పాఠంలో అతన్ని ప్రజాస్వామ్యానికి మనస్సాక్షి అని రాస్తారు. నేను చూసినంతలో అతను లెక్క తేలనప్పుడు లోటు రాయడానికి పనికొచ్చే గడి.

ఊళ్ళో ఇంకో లెక్క తయారైంది. అధికార పార్టీ పెద్దమనిషి ఇంటికి వచ్చి భోంచేశాడని అందరికీ తెలుసు. కారు అందరూ చూశారు. తలుపులు మాత్రం రాలేదు. అంటే మరేదో వచ్చి ఉంటుంది. ఎంత వచ్చిందనే దాని మీద మాత్రమే భేదాభిప్రాయాలు ఉండేవి. అధికార పార్టీ వాళ్ళేమో మావయ్య అవతలి పక్షం దగ్గర తీసుకుని తమకు వేయలేదన్నారు. ఒకే ఓటును ఆయన ఈ పక్షానికి అమ్ముకున్నారని ఊరు, ఆ పక్షానికి అమ్ముకున్నారని పార్టీ నమ్మాయి.

మాస్టారు వాటిలో వేటినీ నమ్మలేదు. అయినా ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని అడిగారు.

"నాకొక్కడికీ చెప్పండి. కాయితం ఎందుకు అడగలేదండీ?"

"విస్తరి ముందున్నాడండీ మాస్టారూ."

మాస్టారు తల దించుకున్నారు. "మా పేటలో మీవాళ్ళెవరూ ఎప్పుడూ విస్తరేసుకోలేదండీ. అందుకనేమో, మాకా ఇబ్బంది తెలీదు."

అంతకన్నా మర్యాదగా ఎవరూ ఎవరినీ కొట్టలేరు. ఆయన "వస్తానండీ" అని లేచి వెళ్ళారు. ఆ తర్వాత మా అరుగు మీదికి రాలేదు.

ఆ ఏడాది నీటిపారుదల పద్దుల మీద చర్చలో మావయ్యకు మళ్ళీ రెండు నిమిషాలు వచ్చాయి. ఈసారి నమస్కారాలు అన్నీ తీసేసి నేను రాసిచ్చినది, ఇంటి దగ్గర గడియారం పెట్టుకుని చదివించినది, ఒక్క అక్షరం తప్పకుండా చదివారు. 17.4 కిలోమీటర్లు, ఎనిమిది సెంటీమీటర్లు, పదకొండు ఊళ్ళు, అన్నీ గంట మోగక ముందే పూర్తయ్యాయి. సభలో ఆ వేళకు నేను గ్యాలరీ నుంచి లెక్కపెట్టినవారు ముప్పై ఒక్క మంది. మంత్రి గారు సమాధానంలో పార్టీ సభ్యులు అడిగిన వాటికి ఒక్కొక్కటిగా జవాబిచ్చి, "ఇతర సభ్యులు ప్రస్తావించిన అంశాలు పరిశీలనలో ఉన్నాయి," అన్నారు. ఇతర అన్న ఆ ఒక్క మాటే రికార్డులో మా కాలువకు దక్కిన చోటు. ఊళ్ళో టీవీలో చూసినవాళ్ళు మాత్రం, "మావోడు పెద్దోళ్ళకి దణ్ణమన్నా పెట్టకుండా మొదలెట్టేశాడేంటి?" అన్నారు.

నవంబరులో వానలు అమావాస్యతో కలిసి వచ్చాయి. కోతకు పది రోజులున్న చేలు. మొగ పూడిపోయి ఉంది. తవ్వడానికి పారలతో వెళ్ళవలసిన పదకొండు ఊళ్ళలో ఈసారి నాలుగే వెళ్ళాయి. మిగిలినవాళ్ళు, "ఎమ్మెల్యే గారు తవ్విస్తారులెండి," అన్నారట. మావయ్య మోకాలి లోతు బురదలో తానే పార పట్టుకున్నారు. మొగ తెగింది, మురుగు కొంత పోయింది. రాత్రికి పోటు అదే దారిన వెనక్కి వచ్చింది. పేట వాళ్ళ చేలు మొదట మునిగాయి, మావి తర్వాత. ఆరో రోజు నీరు తీశాక వెన్నులు నేల మీద మొలకెత్తి ఉన్నాయి.

మరుసటి ఎన్నికలో మావయ్య మళ్ళీ నిలబడ్డారు. నిలబడకపోతే తీసుకున్నాడన్న మాట నిజమైపోతుందని ఆయన భయం. స్వతంత్రుడికి గుర్తు కూడా సొంతం కాదు. మొదటిసారి ఆయనకు కుట్టు మిషను వచ్చింది. రెండోసారి అదే గుర్తు మరో ముగ్గురు కోరితే చీటీలు తీశారు. ఎక్కడివాడో ఎవరికీ తెలియని ఒకాయనకు కుట్టు మిషను, మావయ్యకు కత్తెర దక్కాయి. అప్పటికీ ఆయన మీద అభిమానం మిగిలిన ముసలివాళ్ళు, చదువు రాని ఆడవాళ్ళు వెళ్ళి, తెలిసిన కుట్టు మిషను మీదే నొక్కి వచ్చారు. ఆ తెలియని మనిషికి మావయ్య కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి.

ఖర్చులు, నష్టాలు ఇవి. మావయ్య రెండు ఎన్నికలకు అమ్మినది రెండెకరాల ఇరవై సెంట్లు, రెండోసారి పోగొట్టుకున్నది డిపాజిట్టు. ఉప్పు తగిలి మూడేళ్ళలో మోడువారిన కొబ్బరి చెట్లు మా రెండు కుటుంబాలవీ కలిపి నూట పద్నాలుగు. మా పొలం ఎనిమిదెకరాల్లో వరి మానేసి రొయ్యల చెరువుకు లీజుకిచ్చినది ఐదు. పేటలో కౌలు వదిలేసిన కుటుంబాలు ఇరవై ఆరు, వాటిలో ఊరే వదిలినవి తొమ్మిది. నేను జీతం లేకుండా పెట్టిన సెలవు పద్నాలుగు నెలలు, దానితో పోయిన సీనియారిటీ ఒక మెట్టు. స్లూయిస్ కట్టలేదు.